కోడి మెడ ఉయిరాపురు

అడవి మధ్యలో పారే మా పెద్ద నది మీద, బోవా మరే రేవులో ఒస్మరీనా కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ చెయ్యెత్తి చూపించరు, ముక్కును నమ్ముకుని వెళ్లమంటారు. చేపల వరస దాటి, పెండలప్పిండి బస్తాలు దాటి వెళ్తే, ఎండిన వేర్ల వాసనా అత్తరు వాసనా నిన్నటి పూల వాసనా కలిసి ఒక్కసారిగా తల తిప్పేసే చోటొకటి వస్తుంది. అదే ఆవిడ కొట్టు. అక్కడ సీసాల్లో స్నానానికి కలుపుకునే నీళ్లు ఉంటాయి. మొగుణ్ణి ఇంటికి రప్పించేవి కొన్ని, ఇంట్లోంచి సాగనంపేవి కొన్ని. రెండూ ఒకే పీపాలోంచి నింపుతుందని గిట్టనివాళ్లంటారు. నింపుతుంది కూడా. మూతల రంగే తేడా.

ఆవిడకి అరవై రెండేళ్లు. మనిషి బొద్దుగా ఉంటుంది, రెండు బంగారుపళ్లు, పై పెదవి మీద సన్నటి మీసం. ఆ మీసం చూసి నవ్వినవాడికి ఆవిడ సీసాల్లో ఏదీ పనిచెయ్యదని ప్రతీతి. మొగుడు ఒక ఆదివారం చర్చికని బయల్దేరి వెళ్లి ఇరవై ఎనిమిదేళ్లయింది. అంత పొడుగు ప్రార్థన ఏం చేస్తున్నాడో పాపం, మోకాళ్లు అరిగిపోయుంటాయి అని ఆవిడ అప్పుడప్పుడూ జాలిపడుతుంది.

సీసాలు పేరుకే. కొట్టు నడిచేది ఉయిరాపురు మీద. గుప్పిట్లో పట్టేంత పిట్ట, ఒళ్లంతా నలుపు, తల మాత్రం నిప్పు ముట్టించినట్టు ఎరుపు. అడవిలో కొమ్మ మీద ముందుకీ వెనక్కీ జారుతూ డాన్సు చేస్తుంది. అది పాడితే మిగతా పిట్టలన్నీ నోరు మూసుకుంటాయంటారు. పాడేది వేరే పిట్ట, ఎర్ర తలతో గెంతేది వేరే పిట్ట అని చదువుకున్నవాళ్లు చెబుతారు. చెప్పుకోనివ్వండి, వాళ్ల ఉద్యోగం వాళ్లది. మా నది మీద రెండూ ఒక్కటే. చచ్చిన ఉయిరాపురును ఎర్రగుడ్డ సంచిలో పెట్టి, నాలుగు పక్కలా కుట్టేసి, శుక్రవారం శుక్రవారం అత్తరు రాస్తూ దగ్గరుంచుకున్నవాడికి ప్రేమలో, బేరంలో, నీళ్ల మీద తిరుగుండదు. ఒక్కటే షరతు. సంచి విప్పకూడదు. విప్పితే అదృష్టం అందులోంచే పోతుంది.

ఒస్మరీనా తల్లి అమ్మినవి అసలు పిట్టలే. అడవిలోంచి వేటగాళ్లు ఆకుల్లో చుట్టి తెచ్చిచ్చేవాళ్లు. తల్లి పోయిన ఏడాది, అంటే ఒస్మరీనాకి ఇరవై రెండో ఏట, ఒక వేటగాడు బతికున్నదాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు.

"నాకు పడవకి టైమయిపోయింది. పీక నువ్వే నులుముకో," అని పోయాడు.

ఆవిడ దాన్ని గుప్పిట్లో పట్టుకుంది. అది ఆవిడ బొటనవేలు కరిచింది, అరచేతిలో రెట్ట వేసింది, మళ్లీ కరిచింది. ఇంత లేని ప్రాణికి ఇంత పొగరేమిటని ఒస్మరీనాకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఎవరి పీకా నులమలేం. కిటికీ దగ్గర గుప్పిట విప్పింది. అది వెళ్తూ వెళ్తూ మళ్లీ రెట్ట వేసి పోయింది.

అప్పటికే ఒక కిరాణా కొట్టాయన ముందుగా డబ్బిచ్చి వెళ్లాడు, పొద్దున్నే వస్తాడు. పెరట్లో నల్ల కోడిపుంజు ఉంది. ఎలాగూ ఆదివారం కూరలోకి పోవలసిన మనిషే. ఒస్మరీనా దాని మెడ ఈకలు పీకింది. బూరుగుదూది ఉండ చేసి, దాని మీద ఈకలు ఒక్కొక్కటీ కుట్టింది. తెల్ల పెట్టవి నాలుగు ఈకలు ఎర్రటి జాఫరా గింజల రసంలో ముంచి తలకి పెట్టింది. ముక్కుకి ఒక ముల్లు. చూస్తే తన తల్లి అమ్మిన పిట్టల కంటే ఇదే ముచ్చటగా ఉంది. ఎర్రగుడ్డలో పెట్టి కుట్టేసి ఇచ్చి, నాలుగు వారాలు బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఐదో వారం కిరాణా కొట్టాయన చేప తీసుకుని వచ్చాడు, మోచెయ్యంత చేప. ఆయన కొట్టు ముందు బస్టాపు పడిందట. ఇక జనమే జనం.

"బస్టాపు మునిసిపాలిటీ వాళ్లు వేశారు కదయ్యా," అంది ఒస్మరీనా, మనసులో పీకుతుంటే.

"వాళ్ల చేత వేయించిందెవరు మరి?" అన్నాడాయన.

ఆ తర్వాత ఆవిడ వేటగాళ్లని రావద్దంది. నలభై ఏళ్లుగా ఈ నది మీద పై ఊళ్ల నుంచి కింది దీవుల దాకా జేబుల్లో, గల్లాపెట్టెల్లో, దిండ్ల కింద దాక్కున్నవన్నీ ఒస్మరీనా పెరటి కోళ్లే. అన్నేళ్లలో ఒక్కటే ఫిర్యాదు వచ్చింది. దర్జీని వల్లో వేసుకోవాలని ఒకావిడ కొనుక్కుంది. దర్జీ వచ్చాడు. వాడితో వాళ్లమ్మ కూడా వచ్చింది. వచ్చినావిడ ఇంకా వెళ్లలేదు.

ఎవరు ఏ నమ్మకంతో కొన్నా ఒస్మరీనా నవ్వుకుంటూనే అమ్మింది, వల్దొమీరు విషయంలో తప్ప. వాడు దీవికి జనాన్ని దాటించే పడవవాడు. ముప్పై ఏళ్ల కిందట వాడి మొదటి పడవ బోల్తా పడి, వాడొక్కడూ ఒడ్డుకి కొట్టుకొచ్చాడు, వాడి తమ్ముడు రాలేదు. ఆ తర్వాత నీళ్లు చూస్తే వణికేవాడు. చేపల వరసలో పొలుసు గీకుతూ కూర్చునేవాడు. ఒస్మరీనా పిలిచి వాడి జేబులో ఒక సంచి పెట్టింది, ఊరికే. వారానికి వాడు మళ్లీ తెడ్డు పట్టాడు. ఆ చొక్కాలు చిరిగి ఎన్నో చొక్కాలు మారాయి కానీ జేబులో సంచి మారలేదు. పడవ తాడు విప్పే ముందు వాడి చెయ్యి ఒకసారి జేబు మీదకి పోతుంది. అది చూసినప్పుడల్లా ఆవిడకి లోపల కలుక్కుమనేది. లోకమంతా తనని దొంగ ముండ అన్నా ఆవిడకి దిగుల్లేదు. వాడికి మాత్రం కోడి సంగతి తెలియకూడదు. తెలిస్తే మళ్లీ ఆ చేపపొలుసుల దగ్గరికే వెళ్లి కూర్చుంటాడని ఆవిడ భయం.

ఎదురు కొట్టు నజిల్డాది. వీళ్లిద్దరి తల్లులకీ పడేది కాదు, ఆ వైరం వీళ్లకి కొట్లతో పాటు వచ్చింది. నజిల్డా ఇల్లు ఒస్మరీనా పెరటి గోడ పక్కనే. ఒక రోజు కిటికీలోంచి ఒస్మరీనా కోడి మెడ పీకడం, జాఫరా నూరడం, సూదిలో దారం ఎక్కించడం మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఇక ఆగుతుందా. ఏడాదిపాటు రేవంతా తిరిగి చెప్పింది.

"కోడే! కోడి మెడే! నా కళ్లతో చూశాను."

"సంచి విప్పి చూశావా?" అని అడిగేవాళ్లు జనం.

"విప్పలేదు..."

"మరి?"

నజిల్డా జుట్టు పీక్కుంది. ఏడాది తర్వాత దారి మార్చింది. అడవి జంతువుల్ని కాపాడే ఆఫీసుకి ఉత్తరం రాసింది, ఈ రేవులో ఒస్మరీనా అనే మనిషి ఉయిరాపురుల్ని వందలకొద్దీ చంపి అమ్ముతోంది, అన్నీ అసలు పిట్టలే, నా కళ్లతో చూశాను అని.

ఒక మంగళవారం పొద్దున్న, చేపల బేరాలు జోరుగా ఉన్నప్పుడు, జీపు వచ్చి ఆగింది. అందులోంచి ఎద్వీనో అనే కుర్ర ఆఫీసరు దిగాడు. దక్షిణాన చలి ఊళ్ల మనిషి, ఇక్కడి ఎండకి ముక్కు ఉడికిన రొయ్యలా ఉంది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, ఇద్దరూ మా ఊరివాళ్లే. మా దగ్గర కాగితం చదవగలిగే ప్రతివాణ్ణీ డాక్టరనే అంటాం కాబట్టి అతను కూడా డాక్టరే.

బల్ల కింద డబ్బాలోంచి పన్నెండు సంచులు దొరికాయి. ఎద్వీనో ఒకటి తీసి కానిస్టేబుల్ చేతికిచ్చాడు.

"విప్పు."

కానిస్టేబుల్ దాన్ని కాలే బొగ్గులా బల్ల మీద పెట్టేశాడు. "నాకు ముగ్గురు పిల్లలండీ, డాక్టరు గారూ."

"పిల్లలకీ దీనికీ ఏం సంబంధం? సరే, నేనే విప్పుతాను, ఇటు తే."

రెండో కానిస్టేబుల్ ముందుకొచ్చి చేతులు జోడించాడు. "డాక్టరు గారూ, మీరు విప్పుకోండి, మీ ఇష్టం. కానీ ఇక్కడొద్దు. మనందరం ఒకే జీపులో వెనక్కి వెళ్లాలి."

జనం గుమిగూడిపోయారు. చేపలమ్మేవాళ్లు కత్తులతోనే వచ్చారు. ముందు వరసలో వల్దొమీరు ఉన్నాడు, చెయ్యి జేబు మీదే ఉంది. ఎదురు కొట్టులో నజిల్డా స్టూలెక్కి నిలబడి ఆనందం పట్టలేకుండా ఉంది.

"అమ్మా," అన్నాడు ఎద్వీనో, గొంతు తగ్గించి, "ఇవి నిజం పిట్టలేనా? నాకు తెలియాలి. నిజమైతే కేసు, జైలు కూడా పడొచ్చు. నకిలీవైతే నా ఆఫీసుకి సంబంధం లేదు. ఇప్పుడే వెళ్లిపోతాను."

ఒస్మరీనా పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టయింది. కోడి అంటే మధ్యాహ్నానికి ఇంట్లో కూర్చుని అసాయి పళ్ల గుజ్జులో పెండలప్పిండి కలుపుకుని తినొచ్చు. పిట్ట అంటే ఈ వయసులో కటకటాల వెనక చాప మీద పడుకోవాలి, నడుం నొప్పితో. ఆవిడ నోరు తెరిచింది. వల్దొమీరు కేసి చూసింది. వాడు ఆవిడ కేసి ఎంత ధీమాగా చూస్తున్నాడంటే ఆవిడకి వాణ్ణి చెంప మీద కొట్టాలనిపించింది.

"పిట్టలే," అంది. "అసలైనవి."

"ఎవరు చంపారు?"

"నేనే."

"ఎలా?"

"పీక నులిమి. నీకు కూడా చూపించమంటావా ఏంటి?"

ఆఫీసులో ఎద్వీనో ఆవిడకి కాఫీ ఇచ్చాడు. మంచి కుర్రాడే. సంచిలోంచి పైకి పొడుచుకొచ్చిన ఒక ఈకని అప్పటికే కళ్లజోడు తీసి, పెట్టుకుని, తీసి చూశాడు.

"అమ్మా, నాకు అనుమానంగా ఉంది. ఇది అడవి పిట్ట ఈకలా లేదు. నకిలీదని ఒక్క మాట చెప్పండి. ఈ కాగితం చింపేస్తాను."

"చింపేసి ఊరుకుంటావా?"

"లేదు, నకిలీవని రాసి బోర్డు మీద అంటించాలి. రూలు."

"రేవులో బోర్డు మీదా?"

"అవును."

"అయితే అసలైనవే. రాసుకో నాయనా. పేరు సరిగ్గా రాయి, చివర దీర్ఘం ఉంది."

ఎద్వీనో తల పట్టుకున్నాడు. కేసు రాశాక విప్పాల్సింది నిపుణులేనట, అందుకని సంచులకి లక్కముద్ర వేసి రాజధానిలో మ్యూజియానికి పంపించాడు. ఒస్మరీనా కొట్టుకి సీలు వేశారు. రెండు నెలలు ఆవిడ మూసిన కొట్టు ముందే స్టూలు వేసుకుని కూర్చుంది, ఇంట్లో ఉంటే కోళ్లు కనిపిస్తాయని. వచ్చేవాళ్లు రొట్టె, చేప, అరటిపళ్లు తెచ్చిచ్చేవాళ్లు. వల్దొమీరు రోజూ పొద్దున్నే వచ్చి, "ఏం కాదు దోనా, పిట్టలు నీ వైపున్నాయి" అని ధైర్యం చెప్పి వెళ్లేవాడు. మా దగ్గర అమ్మగారిని దోనా అంటాం. ఆ మాటకి ఆవిడకి నిద్ర పట్టేది కాదు. రిపోర్టు వచ్చిన రోజున వీడి మొహం ఎలా ఉంటుందన్నది ఒక్కటే ఆవిడ దిగులు. జైలు సంగతి అప్పటికి మర్చిపోయింది.

రిపోర్టు ఎద్వీనోయే తెచ్చాడు. నిజాయితీపరుడైన ఆఫీసరు అంటే ఊరికి ఎంత ప్రమాదమో ఆ రోజు చూశాం. ఒక అమాయకురాలి పేరు మీద మచ్చ తన చేతుల మీదుగా పడింది కాబట్టి తన చేతుల మీదుగానే తుడవాలని పెట్టె మీదకెక్కి నిలబడి, చేపల వరస దాకా వినపడేలా చదివాడు.

"పరీక్షించిన పన్నెండు నమూనాల్లోనూ ఉన్నవి కోడి ఈకలు. ఇళ్లలో పెంచే మామూలు కోడి. లోపల బూరుగుదూది. ముక్కు స్థానంలో ముల్లు. కాబట్టి దోనా ఒస్మరీనా గారు ఏ పిట్టనీ చంపలేదు. ఆవిడ మీద కేసు కొట్టేశాం."

చేపలు కోస్తున్న కత్తులు ఆగిపోయాయి. చేప తోక కొట్టుకున్న చప్పుడు కూడా వినిపించింది. ఒస్మరీనా నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆవిడ చెవులు మండిపోతున్నాయి. అరవై రెండేళ్లలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు, మొగుడు పోయినప్పుడు కూడా.

"డాక్టరు గారూ," అన్న వల్దొమీరు గొంతు వినిపించింది. "సంచులు విప్పారా?"

"విప్పకుండా ఎలా పరీక్షిస్తారయ్యా? నిపుణులు విప్పారు."

"విప్పితే కోడి కాక మరేమవుద్ది?"

ఒక క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అందరికీ ఒక్కసారే అర్థమైంది. రేవంతా పగలబడి నవ్వింది. చేపలమ్మేవాళ్లు కత్తులు బల్లల మీద దబదబా కొట్టారు. అంతేకదా! విప్పిన సంచిలో ఉయిరాపురు ఎందుకుంటుంది? పన్నెండు లక్కముద్రలు, రాజధాని మ్యూజియం, కళ్లజోళ్ల నిపుణులు, ఇందరి కళ్లుగప్పి పన్నెండు పిట్టలూ కోళ్లైపోయి దోనాని జైలు నుంచి తప్పించాయి. ఇంతకంటే ఏం రుజువు కావాలి?

"అయ్యో, అది కాదు," అన్నాడు ఎద్వీనో, పెట్టె మీంచి. "మొదటి నుంచీ కోడే! ఇంకా ఎవరైనా మోసపోయామని ఫిర్యాదు ఇవ్వదలుచుకుంటే..."

ఎవరూ ఇవ్వలేదు. నజిల్డా మాత్రం స్టూలు మీంచి, "నేను ఏడాది నుంచి కోడి అని చెప్తూనే ఉన్నాను కదర్రా!" అని అరిచింది.

"ఆఫీసుకి రాసినప్పుడు అసలు పిట్టలని రాశావటగా?" అని ఎవరో అడిగారు. "నీ కళ్లతోనే చూశావట?"

నజిల్డా స్టూలు దిగి లోపలికి వెళ్లిపోయింది. కానిస్టేబుళ్లిద్దరూ ఆఫీసరు జీపెక్కే లోపు ఒస్మరీనా దగ్గరికొచ్చి, మాకు చెరొకటి తియ్యండి దోనా, సీలు మేమే తీసేస్తాం అన్నారు.

ఆ తర్వాత నెల ఆవిడకి ఊపిరాడలేదు. ఎక్కడెక్కడి నుంచో పడవలు కట్టుకుని వచ్చారు. ప్రభుత్వం కళ్ల ముందు కోడిగా మారిన పిట్ట కావాలన్నారు. పెరట్లో కోళ్లన్నీ మెడలు బోడిగా, సిగ్గుపడుతూ తిరిగేవి. ఒస్మరీనా కుట్టింది, కుట్టింది, వేళ్లు వాచేలా కుట్టింది. వల్దొమీరు నమ్మకం వదల్లేదు కదా, నా తండ్రే, అనుకుని మొదటి రెండు వారాలు సంతోషంగానే ఉంది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం వల్దొమీరు పడవ కేసి చూస్తే ఏదో తేడా కనిపించింది. వానకాలం, నది ఉబ్బి ఎర్రగా ఉంది, మధ్యాహ్నం దాటితే గాలి లేస్తుందని రేడియోలో కూడా చెబుతున్నారు. ఇరవై మంది పట్టే పడవలో ముప్పై మంది కూర్చున్నారు. కొత్తగా బెంచీల కింద అసాయి బుట్టలు కుక్కి ఉన్నాయి. ఎప్పుడూ బెంచీల కింద ఉండే నారింజ రంగు లైఫ్ జాకెట్లు ఒడ్డున కుప్పగా పడి ఉన్నాయి. వాటి మీద ఒక కుక్క నిద్రపోతోంది.

ఒస్మరీనా కొట్టు వదిలేసి పరిగెత్తింది. పరిగెత్తడమంటే ఆవిడ కొలతలో.

"ఒరే వల్దొమీరూ! ఆ జాకెట్లు దింపేశావేంట్రా?"

"చోటు తినేస్తున్నాయి దోనా. వాటి చోటులోకి బుట్టలు తోస్తే పైన ఇంకో పది మంది పడతారు."

"మునిగితే?"

వాడు నవ్వి జేబు తట్టుకున్నాడు. "మ్యూజియం వాళ్లనే బోల్తా కొట్టించింది, ఈ గాలి ఎంత?"

ఒస్మరీనాకి అప్పుడు తట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ సంచి వాడికి భయం పోగొట్టింది, జాగ్రత్త మాత్రం పోగొట్టలేదు. రిపోర్టు ఆ జాగ్రత్త కూడా ఊడ్చేసింది. పడవలో ముప్పై తలకాయలు, అందులో చంటిపిల్లలు కూడా ఉన్నారు. ఆవిడ వాడి చొక్కా పట్టుకుని కొట్టుదాకా ఈడ్చుకొచ్చింది. బల్ల కింద నుంచి రేకు డబ్బా లాగి, వాడి ముందు బోర్లించింది. ఈకలు, దూది, ముళ్లు, జాఫరా రసం, సూది, తల కుట్టని సగం పిట్ట ఒకటి.

"చూడు. కోడి. నలభై ఏళ్లుగా కోడి. నీ జేబులోది కూడా కోడే. ఈ చేతుల్తోనే కుట్టాను, ఇదిగో సూది. అది నిన్ను కాపాడలేదురా, నువ్వే చూసుకుని నడిపావు ఇన్నాళ్లూ. ఇప్పుడు చూసుకోకపోతే చస్తావ్."

వల్దొమీరు డబ్బా కేసి చూశాడు. సగం పిట్టని అటూ ఇటూ తిప్పాడు. వాడి మొహం మారిపోతుందని, చేపపొలుసుల దగ్గరికి నడుచుకుంటూ పోతాడని ఆవిడ చూసింది. పోనీ, బతికుంటే చాలనుకుంది.

వాడి మొహం వికసించింది. "అబ్బ, దోనా! డాక్టరు మళ్లీ వస్తే చూపించడానికి ఇదంతా రెడీగా పెట్టుకున్నావా! ఏం బుర్రే నీది!"

"ఒరే వెధవా, నిజంగా కోడేరా!"

ఆవిడ బల్ల మీంచి అమ్మకానికున్న ఒక సంచి తీసి, పళ్లతో కుట్లు తెంపి, రెండుగా చింపింది. దూది గాల్లోకి లేచింది. "చూడు! ఏముంది? కోడి!"

"విప్పావు కదా," అన్నాడు వాడు, ఎంతో ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "పాపం, మంచి పిట్ట పాడైపోయింది. సరే, టైమయింది, వెళ్తాను."

వాడు వెనక్కి తిరిగాడు. చెయ్యి జేబు మీదకి పోయింది. ఒస్మరీనాకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. నలభై ఏళ్లలో ఒక్కసారి నిజం చెబితే, దాని మొహం కూడా చూడకుండా పోతున్నాడు.

"ఆగరా!" అంది. "ఆ సంచి ఇటివ్వు."

వాడిచ్చాడు. ఆవిడ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. చెవి దగ్గర పెట్టుకుని వింది. కళ్లు మూసుకుంది. కొట్ల వరసంతా మాటలాపింది.

"దీనికి ఒళ్లు మండిపోతోంది," అంది. "జాకెట్టు లేని మనిషి పడవలో ఉంటే ఉయిరాపురు ఉండదు. ఎగిరిపోతుంది. నది మధ్యలోనే పోతుంది, దానికేం, రెక్కలున్నాయి."

వల్దొమీరు మొహం పాలిపోయింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేంటి దోనా?"

"ఇన్నాళ్లూ జాకెట్లుండేవి, చెప్పాల్సిన అవసరం రాలేదు. మనిషికొక జాకెట్టు. ఒక్కటి తక్కువైనా ఇది పోతుంది. తర్వాత నన్ను అడక్కు."

వాడు పరిగెత్తాడు. నిజంగా పరిగెత్తడం అంటే అది. కుక్కని అదిలించి జాకెట్లు లాగాడు. పడవలోంచి అసాయి బుట్టలు దించాడు, వాటి వెనకే పది మందిని దించాడు, తిట్లు తింటూ, దండాలు పెడుతూ. ఉన్న ఇరవై మందికీ తన చేత్తోనే తాళ్లు బిగించాడు. పక్క రెండు పడవలవాళ్లు ఇదంతా చూసి, జేబులు తడుముకుని, తమ తమ జాకెట్ల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టారు.

దించేసిన పది మందిలో నజిల్డా ఉంది. దీవిలో చెల్లెలి ఇంటికి బయల్దేరింది, చేతిలో కేకు డబ్బా. ఆవిడ తిన్నగా ఒస్మరీనా కొట్టు ముందుకొచ్చి నిలబడింది. రోజూ ఎదురుబొదురుగా కూర్చుంటూ కూడా ఈ గడప దగ్గరికి ఆవిడ రావడం అదే మొదటిసారి.

"జాకెట్టు రూలు ఎప్పుడొచ్చిందే నీ పిట్టకి?"

"ఇప్పుడే."

నజిల్డా బల్ల కేసి చూసింది. చిరిగిన సంచి, చిందిన దూది, కోడి ఈకలు. ఒస్మరీనా కేసి చూసింది. ఆవిడ మీసం మీద చెమట, కళ్లలో నీళ్లు. వల్దొమీరు పడవ అప్పటికి తాడు విప్పుకుని, నారింజ రంగు జాకెట్లతో నిండి, బరువు తగ్గి, నెమ్మదిగా మలుపు తిరుగుతోంది. ఒస్మరీనా స్టూలు ముందుకు తోసింది. నజిల్డా ఒకసారి తన కొట్టు కేసి చూసి, కూర్చుంది. కేకు డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"వాడికి నిజం చెప్పానే," అంది ఒస్మరీనా. "డబ్బా బోర్లించి మరీ చెప్పాను. నమ్మలేదు."

"నన్నూ నమ్మలేదు. ఏడాది తిరిగాను."

నది మీద గాలి లేచింది. రెండు కొట్ల పరదాలూ కలిసి కొట్టుకున్నాయి. ఒస్మరీనా ముక్కు చీది, చీర కొంగు లాంటిదేదీ లేక చేత్తోనే తుడుచుకుని, గొంతు సవరించుకుంది. ఇది ఒక మనిషితో పెద్దగా చెప్పి, ఆ మనిషి అవునంటుంటే వినాలని ఎన్నాళ్ల నుంచి ఉందో ఆవిడకి అప్పుడే తెలిసింది.

"కోడేనే నజిల్డా," అంది. "మొదటి నుంచీ కోడే."

"నాకు తెలుసు," అంది నజిల్డా.